పోవుచున్న బండి – వచ్చుచున్న బండి

ఉర్దూలో ఒక సామెత ఉన్నది: "నయా నౌ దిన్, పురానా సౌ దిన్." కొత్తది తొమ్మిది దినాలు, పాతది నూరు దినాలు అని దాని భావం. తెలుగులో మరొక సామెత ఉన్నది: "కొత్త ఒక వింత, పాత ఒక రోత." ఒక భాష పాతకు పట్టం కట్టగా, మరొక భాష పాతను వాకిట నిలబెట్టినది. ఈ రెండు భాషలూ ప్రక్క ప్రక్క గదులలో బోధింపబడే కళాశాలలో ఉద్యోగం చేసే మాకు ఈ రెండింటిలో ఏది నమ్మదగినదనే సందేహం ఎన్నడో కలిగినది. అట్టి సందేహాలు సాధారణంగా ఒక ఉపన్యాసంతో తీరిపోతాయి. కాని 2024వ సంవత్సరం నవంబరు మాసంలో ఆ సందేహమే లక్షల రూపాయల వ్యవహారంగా మారి మా ఇంట తిష్ఠ వేసినది.

విషయం చిన్నదే. మేము ఒక కారు కొనదలచితిమి. మా తల్లిదండ్రుల నివాసం మాచర్ల. మా ఉద్యోగం నరసరావుపేట. మా తల్లిగారికి గుండె జబ్బు. నెలకొకమారు గుంటూరులో వైద్యునికి చూపించవలసి ఉన్నది. మాచర్ల నుండి గురజాల, పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేట చేరి, అక్కడినుండి మరి నలభై అయిదు కిలోమీటర్లు గుంటూరుకు పోవలెను. పల్నాటి బాటల సంగతి మన పాఠకులకు విన్నవించనక్కరలేదు. సున్నపురాయి, సిమెంటు, మిరపకాయ బస్తాలు మోసే లారీలు మన దారులను పగలూ రాత్రీ నలుగగొట్టుచుండును. నార్కట్‌పల్లి నుండి అద్దంకి పోయే పెద్దరోడ్డు మన పిడుగురాళ్ళను తాకుతూ పోవడం వలన హైదరాబాదు వైపు నుండి దక్షిణానికి దిగే బరువు వాహనాలన్నీ మన ముంగిటనే తిరుగాడుచుండును. అటువంటి దారిలో అద్దెకారు కోసం తెల్లవారుజామున ఫోన్లు చేయుట, అది రాకపోయినచో బస్టాండులో తల్లిని బల్లపై కూర్చుండబెట్టుట మాకు ఇక సాధ్యం కాలేదు. మా ఆరేళ్ళ పొదుపునకు మా తండ్రిగారి పదవీవిరమణ సొమ్ములో కొంత చేర్చగా, ఒక మధ్యతరగతి సెడాను కొనుటకు చాలినంత ధనం సమకూడినది. మరల అంత ధనం కూడుటకు మరి పదేండ్లు పట్టును. కావున పొరపాటునకు తావు లేదు.

మా ఎంపిక మారుతి సుజుకి వారి డిజైర్. పల్నాడులో ఏ టాక్సీ స్టాండులో చూచినా కనిపించే బండి అది. దాని మరమ్మతు తెలియని మెకానిక్ ఉండడు. సరిగా మేము సొమ్ము సిద్ధం చేసుకొన్న తరుణంలో, అనగా 2024 నవంబరు 11వ తేదీన, ఆ బండి నాలుగవ తరం విపణిలోనికి వచ్చినది. 2017 నుండి నడచుచున్న మూడవ తరం బండ్లు షోరూములో కొన్ని మిగిలియున్నవి. వాటిని ఖాళీ చేసుకొనుటకై తగ్గింపు ఇచ్చుచున్నారు. లెక్క వేయగా పోవుచున్న మోడలులోని పై తరగతి బండియు, వచ్చుచున్న మోడలులోని రెండవ తరగతి బండియు ఇంచుమించు సమాన వెలకు తూగినవి. ఇక్కడనే మా సంకటం ఆరంభమైనది.

ఈ సంకటం మన పెద్దలకు లేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఆంగ్లేయుల బండిని ఆధారం చేసుకొని 1957లో ఉత్తరపాడలో తయారైన అంబాసిడర్, మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4 అనుచు పేర్లు మార్చుకొన్నది గాని, ముందుభాగపు జాలీ, దీపాలు తప్ప ఆకారం మార్చుకొనలేదు. 2014లో ఉత్పత్తి నిలిచిపోయే వరకు దాని గుండ్రని వీపు అట్లే ఉన్నది. బండి ఎప్పుడు దొరకుననునదే ఆనాటి ప్రశ్న. ఏ తరం బండి అను ప్రశ్నయే లేదు. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలు చేతులు మారినవి. 1986లో దాని రూపం మారినది. నాటినుండి మన దేశంలో బండి కూడా పాఠ్యపుస్తకం వలె కొన్నేండ్లకొకమారు "సవరించిన ముద్రణ"గా వచ్చుచున్నది.

డిజైర్ చరిత్రయే ఇందుకు నిదర్శనం. 2008లో అది తొలిసారి వచ్చినపుడు పొడవు నాలుగు మీటర్లకు మించియుండెను. నాలుగు మీటర్లలోపు చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించవలెనని 2006 బడ్జెటులో నిర్ణయం జరిగియున్నది. 2012లో వచ్చిన రెండవ తరం బండి ఆ రాయితీ కోసం వెనుకభాగం కత్తిరించుకొని 3,995 మిల్లీమీటర్లకు దిగినది. 2017లో మూడవది, 2024లో నాలుగవది వచ్చినవి గాని ఆ 3,995 మాత్రం చెక్కుచెదరలేదు. మనం సౌందర్యమని మెచ్చుకొనునది, లేదా మొండితోక అని ఎగతాళి చేయునది, నిజమునకు ఒక పన్ను నిబంధన గీసిన గీత! బండి రూపాన్ని చిత్రకారుడే గాక ఆర్థికమంత్రి కూడా తీర్చిదిద్దునని విద్యార్థులు గ్రహింపవలెను.

ఇక ఇంటిలోని చర్చకు వత్తము. మా తండ్రిగారు రవాణా సంస్థ డిపోలో మెకానిక్‌గా ముప్పది ఏండ్లు పనిచేసి విరమించిన వారు. యంత్రం విషయంలో వారి మాట మా ఇంట తిరుగులేనిది. వారు పాత మోడలు పక్షం వహించిరి. వారి వాదం ఇది: "బేటా, కొత్త మోడలు మొదటి సంవత్సరం కొనరాదు. పాత మోడలు చివరి సంవత్సరం కొనవలెను. ఏడేండ్లలో జనం ఆ బండితో పడిన బాధలన్నీ ఫ్యాక్టరీవాళ్ళు విని సరిచేసి ఉంటారు. చివరగా బయటికి వచ్చిన బండే అన్నిటికంటె మంచి బండి."

ఈ మాటలో బలమున్నది. పుస్తకం విషయంలోనూ అంతే గదా! తొలి ముద్రణలో అచ్చుతప్పులుండును. కడపటి ముద్రణ నిర్దుష్టమై యుండును. అంతేగాక, పాత బండి యంత్రానికి నాలుగు సిలిండర్లు, 90 అశ్వశక్తి. కొత్తదానికి మూడే సిలిండర్లు, సుమారు 82 అశ్వశక్తి. రెండింటి ఘనపరిమాణం మాత్రం 1,197 సి.సి.యే. నాలుగు సిలిండర్ల యంత్రంలో ఇరుసు అర్ధచుట్టు తిరిగినప్పుడల్లా ఒక విస్ఫోటం జరుగును. మూడింటిలో ఆ వ్యవధి పెరుగును. పైగా బేసి సంఖ్య వలన యంత్రం ఆ చివర ఈ చివర ఊగులాడును. నిదానంగా నిలిచియున్నపుడు చేతికి, కాలికి ఆ అదురు తెలియును. మా తండ్రిగారు షోరూము బండి పైకప్పుపై అరచేయి ఆనించి, కన్నులు మూసుకొని, ఒక్క నిమిషంలో ఆ సంగతి చెప్పివైచిరి. అమ్మకపు యువకుడు తెల్లబోయెను.

కొత్త బండి పక్షాన చెప్పదగిన మొదటి మాట ఇంధనం. సిలిండరు తగ్గినచో రాపిడి తగ్గును. కంపెనీ ప్రకటించిన లెక్క ప్రకారం చేతిగేర్ల పాత బండి లీటరుకు 22.41 కిలోమీటర్లు, కొత్త బండి 24.79 కిలోమీటర్లు నడచును. సంవత్సరానికి 12,000 కిలోమీటర్లు తిరిగితిమనుకొన్నచో దాదాపు 51 లీటర్లు మిగులును. లీటరు 109 రూపాయల చొప్పున అది ఏటా 5,500 రూపాయలు. ప్రయోగశాలలోని అంకెలు పల్నాటి గతుకులలో నిలువవు గనుక అందులోనూ కొంత కోత వేసుకొనవలెను. ఈపాటి లాభానికై అలవాటైన యంత్రాన్ని కాదనుట తగునా అని మాకే తోచినది.

రెండవ మాట భీమాకు సంబంధించినది. ఇది మాకు షోరూములో ఎవరును చెప్పలేదు. మేమే పాలసీ నిబంధనలు చదివి తెలుసుకొంటిమి. బండి దొంగిలింపబడినా, పూర్తిగా ధ్వంసమైనా భీమా సంస్థ ఇచ్చు మొత్తమునకు ఆధారం కంపెనీ ప్రకటిత ధర. ఆ ధరలో నుండి మొదటి ఆరు నెలలకు 5 శాతం, సంవత్సరంలోపు 15, రెండవ ఏట 20, మూడవ ఏట 30, నాల్గవ ఏట 40, అయిదవ ఏట 50 శాతం తరుగు తీసివేయుట మోటారు భీమాలో చిరకాలంగా నడచిన పద్ధతి. కాని కంపెనీ తయారీ మానివేసిన మోడలుకు ఈ పట్టిక వర్తింపదు. భీమా సంస్థయు, యజమానియు కూర్చుండి మాట్లాడుకొని ఆ విలువ నిర్ణయించుకొనవలెను. అనగా పోవుచున్న మోడలు కొన్నవాడు తగ్గింపుతోపాటు ఒక బేరమును కూడా ఇంటికి తెచ్చుకొనుచున్నాడన్నమాట. ఇదిగాక, నవంబరు, డిసెంబరు మాసాలలో కొన్న పాత నిల్వబండిపై తయారీ సంవత్సరం ఎట్లున్నదో చూచుకొనవలెను. జనవరి వచ్చినంతనే, చక్రం తిరుగకున్నను దాని వయస్సు ఒక సంవత్సరం పెరుగును. మరల అమ్మబోయినపుడు కొనువాడు మొదట అడిగేది అదే.

ఐనను మా తండ్రిగారు చలింపలేదు. "అమ్ముకొనుటకు కొంటామా, తిరుగుటకు కొంటామా?" అనిరి. అదియు సబబే. పాత మోడలు పై తరగతి బండిలో మెరయు మిశ్రలోహపు చక్రాలు, మీట నొక్కగనే మేల్కొనే యంత్రం, తనంతట తానే చల్లదనాన్ని సవరించుకొనే ఏ.సి. ఉన్నవి. అదే సొమ్ముకు వచ్చు కొత్త బండిలో ఉక్కుచక్రాలపై ప్లాస్టిక్ మూతలు, తాళంచెవి, చేతితో త్రిప్పుకొనే ఏ.సి. మాత్రమే ఉన్నవి. పిల్లలు సైతం తాతగారి పక్షానికి దూకిరి. వారం దినాలు ఇల్లు శాసనసభను తలపించినది.

ఆ వాదాన్ని త్రిప్పినది మా శ్రీమతి అడిగిన ఒక్క ప్రశ్న. ఆమె యంత్రం గురించి గాని, ధర గురించి గాని మాట్లాడలేదు. "వెనుక సీటులో కూర్చుండేది ఎవరు?" అని అడిగినది.

జవాబు అందరికీ తెలిసినదే. ముందు మేమును, మా తండ్రిగారును. వెనుక మా తల్లిగారు, మా శ్రీమతి, ఇద్దరు పిల్లలలో ఒకరు ఒడిలో, ఒకరు ప్రక్కన. పాత బండిలో ఎయిర్‌బ్యాగులు రెండు. ఒకటి నడుపువానికి, ఒకటి అతని ప్రక్కవానికి. 2022 నాటికి ఈ రెండూ ప్రతి కారులోనూ తప్పనిసరి అయినవి. ఆరు ఉండవలెనని 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముసాయిదా వెలువరించినది. తరువాత గడువు 2023 అక్టోబరుకు వాయిదా పడినది. చివరకు తప్పనిసరి చేయుట మానుకొన్నారు. కొత్త డిజైర్‌లో మాత్రం అట్టడుగు తరగతి మొదలు అన్ని బండ్లలోనూ ఆరు ఉన్నవి. ముందువైపు రెండు, ముందు సీట్ల ప్రక్కల రెండు, కిటికీల పొడవునా ముందునుండి వెనుకకు తెరలవలె దిగునవి రెండు. ఆ తెరలే వెనుకనున్న వారి తలలను కాపాడునవి. ఒకరిచ్చు బండిలో రక్షణ అంతయు సంపాదించు మగవారికి, మరొక బండిలో ఇంటిల్లిపాదికి! ఇంతవరకు మేము చక్రాల మెరుపును, సిలిండర్ల సంఖ్యను లెక్కించితిమే గాని తలలను లెక్కింపలేదు.

ఆ రాత్రి ఢీకొట్టు పరీక్షల నివేదికలు చదివితిమి. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కారును గోడకు ఢీకొట్టించి, లోపలి బొమ్మలకు తగిలిన దెబ్బలను కొలిచి నక్షత్రాలు ఇచ్చును. 2022 డిసెంబరులో పాత డిజైర్‌కు తోబుట్టువైన నాటి స్విఫ్ట్‌ను పరీక్షించగా పెద్దల రక్షణకు 1 నక్షత్రం వచ్చినది. 2024 నవంబరులో కొత్త డిజైర్‌కు పెద్దల రక్షణలో 34కు 31.24 మార్కులతో 5 నక్షత్రాలు, పిల్లల రక్షణలో 49కి 39.20 మార్కులతో 4 నక్షత్రాలు లభించినవి. ఆ కంపెనీ కార్లలో అయిదు నక్షత్రాలు పొందినది అదే మొదటిది. అటుపిమ్మట 2025లో మన దేశపు భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలోనూ అది అయిదు నక్షత్రాలే పొందినది. పరీక్షా పత్రాలు దిద్దుటయే వృత్తిగా గల మాకు, ఒకటికి అయిదుకు గల భేదం ఎవరును వివరింపనక్కరలేకపోయినది.

మరునాడు ఆ కాగితాలు మా తండ్రిగారి ముందుంచితిమి. వారు కళ్ళద్దాలు సవరించుకొని నిదానంగా చదివిరి. చాలసేపు మౌనముగా ఉండిరి. ముప్పది ఏండ్ల ఉద్యోగంలో నుజ్జయిన బస్సులు ఎన్నింటిని క్రేను ఈడ్చుకొనివచ్చి వారి డిపోలో పడవేసినదో మాకు తెలియదు. వారు ఎన్నడును ఇంటిలో చెప్పినవారు కారు. కడకు ఇట్లనిరి: "యంత్రం విషయంలో నా మాట తప్పు కాదు. కాని యంత్రం చెడితే షెడ్డుకు తీసుకుపోతాం, నేనే దగ్గరుండి విప్పిస్తాను. మనిషికి షెడ్డు లేదు. కొత్తదే తీసుకోండి."

ఈ మాటలో ఓటమి లేదు. వారు తమ వాదాన్ని ఉపసంహరించుకొనలేదు. దాని స్థానమేదో తెలిసికొని అక్కడ ఉంచిరి. వివాదంలో గెలుచుటకన్న ఏ వాదం ఏ మెట్టుపై ఉండవలెనో నిర్ణయించుట గొప్ప విద్య అని మాకు తోచినది. 2024 డిసెంబరులో మేము కొత్త మోడలు రెండవ తరగతి బండి కొంటిమి. ఉక్కుచక్రాలపై ప్లాస్టిక్ మూతలు ఈనాటికీ ఉన్నవి. నిలిచియున్నపుడు అదురు కూడ ఉన్నది. మా తండ్రిగారు ఎక్కినప్పుడల్లా ఆ సంగతి జ్ఞాపకం చేయుదురు. అది వారి హక్కు.

"పది నెలలు ఆగియుండరాదా?" అని మిత్రులు కొందరు అడుగుదురు. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గినది. డిజైర్ ధరయు గణనీయంగా దిగినది. నిజమే. కాని ఆ పది నెలలలో మా తల్లిగారు పది మార్లు గుంటూరు పోయివచ్చిరి. రేపటి ధర రేపటికే తెలియును; నేటి అవసరం నేడు తీరవలెను. ఎల్లప్పుడూ మరొక కొత్త మోడలు, మరొక రాయితీ దారిలోనే ఉండును. వాటికై కాచుకొని కూర్చుండువాడు జన్మమంతయు బస్టాండు బల్లపైననే కూర్చుండవలెను.

తెలుగు ఉపన్యాసకులము గనుక ఒక పోలిక చెప్పక తప్పదు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం రచించి భాషకు ఒక చట్రం బిగించెను. ఆ చట్రం గట్టిదే, అందమైనదే. గిడుగు రామమూర్తిగారు దాని అందాన్ని కాదనలేదు. వెనుక వరుసలో కూర్చున్న పిల్లవానికి ఆ భాష అందుచున్నదా అని అడిగిరి. ఉర్దూ వారికి ఇట్టి అనుభవమే లిపి విషయంలో కలిగినది. కాతిబులు చేతితో వ్రాసిన నస్తాలీఖ్ అక్షరాలకు సాటి లేదు. కాని 1981లో నూరీ నస్తాలీఖ్ యంత్రాక్షరాలు వచ్చిన పిదప, రాత్రంతా మేల్కొని పత్రికను చేతితో వ్రాయవలసిన అగత్యం తీరినది. అక్షరపు వంపు మాత్రం చెడలేదు. మంచి మార్పునకు గుర్తు అదే. అది పాతదానిలోని ప్రాణాన్ని నిలుపుచు, ఇంతవరకు ఎవరికి చోటు దక్కలేదో వారికి చోటు ఇచ్చును. అట్టి గుణం లేని మార్పు కేవలం కొత్త రంగు మాత్రమే. దానికై అధికధనం వెచ్చింపనక్కరలేదు. పాత మోడలు కొన్నవారిని మేము తెలివితక్కువవారని అనము. ఒంటరిగా ఊరిలో తిరుగువానికి, తగ్గింపు సొమ్ము మరొక గట్టి అవసరానికి అక్కరకు వచ్చువానికి అదియే ఉచితం కావచ్చును.

ఒక సంగతి మాత్రం చెప్పవలసి ఉన్నది. ఆరు ఎయిర్‌బ్యాగులు గల బండి వచ్చినంత మాత్రాన రక్షణ రాలేదు. బెల్టు కట్టుకొననివానికి ఎయిర్‌బ్యాగు పూర్తిగా తోడ్పడదు. అది బెల్టుకు సహాయమే గాని బదులు కాదు. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ వద్ద ప్రమాదంలో మరణించినపుడు, ఖరీదైన కారు వెనుక సీటులో ఆయన బెల్టు లేకుండ కూర్చుండినట్లు తెలిసి దేశమంతయు కొన్ని దినాలు వెనుకసీటు బెల్టు గురించి మాట్లాడుకొన్నది, పిమ్మట మరచిపోయినది. కొత్త బండిలో వెనుకవారు బెల్టు కట్టకున్నచో గంట మ్రోగును. మా తల్లిగారికి ఆ గంట అన్న చిరాకు. ఛాతీపై పట్టీ ఉన్నచో ఊపిరి ఆడదనిరి. ఒడిలో బిడ్డను కూర్చుండబెట్టుకొనుట ఆమెకు ముప్పది ఏండ్ల అలవాటు. చిన్నవానికి ప్రత్యేకమైన పిల్లల సీటు బిగించి, ఆమెకు మెత్తని చీరపేలికతో పట్టీకి తొడుగు కుట్టి, మూడు ప్రయాణాలు బ్రతిమాలిన పిమ్మట ఆమె ఒప్పుకొనిరి. బండిని మార్చుటకు మూడు వారాలు పట్టినది. అలవాటును మార్చుటకు మూడు నెలలు పట్టినది. కంపెనీవారు మన కోసం మొదటి పని చేయగలరు. రెండవది మనమే చేసికొనవలెను.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో అనేకులు రేపు ఉద్యోగస్థులై ఏదో ఒక బండి కొందురు. షోరూములో దీపాలు మీ కన్నులను మిరుమిట్లు గొలుపును. అమ్మువాడు తగ్గింపు గురించి చెప్పును, మిత్రుడు వేగం గురించి చెప్పును. మీరు కాగితం తీసికొని మొట్టమొదట అందులో కూర్చుండువారి పేర్లు వ్రాయుడు. ప్రతి పేరుకు ఎదురుగా, దెబ్బ తగిలినపుడు ఆ మనిషిని కాపాడునది ఏమున్నదో వ్రాయుడు. తయారీ సంవత్సరం చూడుడు, భీమా నిబంధన చదువుడు, యంత్రం తెలిసిన పెద్దవారిని వెంట తీసికొని పొండు. ఆ తరువాత చక్రాల అందం చూచుకొందురు గాక. మా తల్లిగారు వచ్చే గురువారం మరల గుంటూరు పోవలసి ఉన్నది. పట్టీ తొడుగు ఉతికి ఆరవేసియున్నాము.